ముందు మనుషులు, తర్వాత ఊరు: మా అరకు ప్రయాణం కుదిరిన తీరు

మా ఇంట్లో ఆరుగురం. మామయ్యకు డెబ్భై దాటాయి, సర్కారు బడిలో సాంఘికశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. అత్తమ్మకు షుగరు, రెండు మోకాళ్ళూ నొప్పులు. మా పెద్దది తొమ్మిదో తరగతి. చిన్నోడు ఒకటో తరగతి, కారులో మలుపుల దారిన పోతే వాంతి చేసుకుంటాడు. మా ఆయనకు వరసగా సెలవు దొరకడమే గగనం. ఇంతమందిమి హనుమకొండలో బయల్దేరి, ఎవరి ఆరోగ్యమూ చెడకుండా, ఎవరి మనసూ నొచ్చుకోకుండా విశాఖపట్నం, అరకు చూసి వచ్చాం. ఆ ప్రయాణం ఎలా కుదిరిందో రాస్తున్నాను. పెద్దలు, పిల్లలు కలిసి ఉండే ఇళ్ళలో చాలామంది "ఎక్కడికి పోదాం" అన్న మాట దగ్గరే ఆగిపోతారు. మేమూ కొన్నేళ్ళు అక్కడే ఆగిపోయాం.

అందరం కూచుని మాట్లాడుకున్న రోజు ఎవరి ఊరు వాళ్ళు చెప్పారు. మా ఆయన కశ్మీర్ అన్నారు. పెద్దది ఊటీ అంది. చిన్నోడికి రైలు, సముద్రం రెండూ కావాలి. అత్తమ్మ "జగన్నాథుని దర్శనం జేసుకోవాల్నని ఎన్నేండ్ల సంది అనుకుంటున్న" అంది. మామయ్య మాత్రం "నన్ను లెక్కల వెట్టుకోకుండ్రి, మీరు యాడికంటే ఆడికి వస్త" అన్నారు. పెద్దాయన అలా అన్నారంటే ఆయనకేమీ అక్కర్లేదని కాదు, అడగడం అలవాటు లేదని. ప్రతి ఇంట్లో ఇలాంటి మనిషి ఒకరుంటారు. ముందు వాళ్ళనే అడగాలని నేను గట్టిగా నమ్ముతాను.

మర్నాటి నుంచి ఒక్కొక్కరిని విడిగా వేరే ప్రశ్న అడిగాను. ఊరి సంగతి పక్కన పెట్టి, ఊరు దాటి వెళ్ళినప్పుడు నీకు ఏది కష్టం, రోజూ ఏది లేకపోతే గడవదు, అని. జవాబులన్నీ ఒక కాగితం మీద రాసుకున్నాను.

అత్తమ్మకు ఎనిమిదింటికల్లా టిఫిను, ఒంటిగంటకల్లా అన్నం పడాలి. షుగరు మాత్ర వేసుకున్నాక తిండి ఆలస్యమైతే చెమటలు పట్టి కళ్ళు తిరుగుతాయి. గదిలో వెస్టర్న్ టాయిలెట్ ఉండాలి, మెట్లు తక్కువ ఉండాలి. మామయ్య మధ్యాహ్నం ఓ గంట నడుం వాల్చాలి, రాత్రి రెండు మూడుసార్లు లేవాలి. పెద్దది కాసేపు ఆలోచించి, "అమ్మా, పొద్దంతా అందరం ఒకేచోట ఉండాలంటే నాకు ఊపిరాడదు. నాకంటూ ఒక్కటన్నా ఉండాలి" అంది. మా ఆయనకు డ్రైవింగు వద్దు, ఫోను వద్దు. నా వరసలో నేను రాసుకున్నది ఒకటే: ఆ కొన్నాళ్ళు వంట నా బాధ్యత కాకూడదు.

మామయ్యను రెండోసారి, చాయ్ తాగేటప్పుడు అడిగితే అసలు మాట బయటికొచ్చింది. "తూర్పు కనుమలు, తూర్పు కనుమలు అని బోర్డు మీద ఎన్నిసార్లు గీసిన్నో బిడ్డా. కండ్లతోని ఒక్కపారి గూడ సూడలే." మా ప్రయాణం ఆ మాటతో మొదలైంది.

అయినా ఆ కాగితం ముందు పెట్టుకుని ఒక్కో ఊరినీ పరీక్షించాం. రానూపోనూ పట్టే సమయం మొత్తం సెలవులో మూడో వంతు దాటకూడదని ముందే షరతు పెట్టుకున్నాం. ఊటీ అక్కడే పోయింది. కోయంబత్తూరు దాకా రైలు, ఆపైన మళ్ళీ కొండదారి, చిన్నోడికి అది నరకం. పైగా 2024 మే నుంచి నీలగిరికి బండిలో వెళ్ళాలంటే ముందుగా ఈ-పాస్ తీసుకోవాలి. కశ్మీరులో చలి, ఎత్తు ఈ వయసు వాళ్ళకు ఇబ్బంది. పూరీ విషయం నన్ను ఎక్కువసేపు ఆలోచింపజేసింది, అత్తమ్మ మాట తీసేయడం నాకిష్టం లేదు. కానీ అది ఆమె ఒక్కదాని కోసం, ఆమెకు వీలైన తీరులో తీరుబడిగా వెళ్ళాల్సిన చోటు. ఈ ప్రయాణంలో సింహాచలం ఉంటుందని చెప్పాక ఆమె ఒప్పుకుంది. విశాఖలో సముద్రం ఉంది, సింహాద్రి అప్పన్న ఉన్నాడు, అరకుకు కొండల మీదుగా రైలుంది, ఆ కొండలు మామయ్య బోర్డు మీద గీసిన తూర్పు కనుమలే. కాగితం మీదున్న ప్రతి వరసకూ ఎదురుగా ఏదో ఒకటి దొరికింది.

తర్వాత ఎప్పుడు అన్నది. పిల్లలకు దసరా సెలవులు ఎక్కువ కాబట్టి అందరూ అప్పుడే అంటారు. మా ఇంట్లో బతుకమ్మ వదిలి ఎవరూ కదలరు. అదొక్కటే కాదు, అక్టోబరు బంగాళాఖాతంలో తుఫాన్ల కాలం. హుద్‌హుద్ విశాఖను దెబ్బకొట్టింది 2014 అక్టోబరు 12న. పెద్దవాళ్ళను వెంటేసుకుని ఆ నెలలో తీరానికి వెళ్ళడానికి నాకు ధైర్యం చాలలేదు. సంక్రాంతికి ఆంధ్ర వైపు రైళ్ళలో కాలు పెట్టే సందుండదు. ఎండాకాలం విశాఖలో ఉక్కపోత. క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం దాకా అరకు జనంతో నిండిపోతుంది. మిగిలింది డిసెంబరు రెండో వారం. బడి పని దినాలే, అయినా పిల్లల టీచర్లను ముందుగా కలిసి మాట్లాడాం. పెద్దదాని పరీక్షలేవీ ఆ వారంలో లేవని చూసుకున్నాకే తేదీ ఖాయం చేశాం.

వారంలో ఏ రోజు ఎక్కడ ఉండాలన్నది కూడా చిన్న విషయం కాదు. శని, ఆదివారాలు అరకు రద్దీగా ఉంటుంది కాబట్టి అక్కడికి వారం మధ్యలో వెళ్ళాలి. బీచ్ రోడ్డులోని కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియానికి సోమవారం సెలవు, చిన్నోడికేమో అది చూడకపోతే విశాఖ చూసినట్టే కాదు. అందుకని శనివారం రాత్రి రైలెక్కి ఆదివారం విశాఖలో దిగేలా, సోమవారం సింహాచలం, మంగళవారం అరకు రైలు, బుధవారం అంతా అరకులో, గురువారం రోడ్డు మీదుగా బొర్రా గుహలు చూసుకుంటూ దిగేలా కుదిరింది. శుక్రవారం మధ్యాహ్నం తిరుగు రైలు.

రైలు టికెట్ల దగ్గర ఒక విషయం మీరు తప్పకుండా గుర్తుపెట్టుకోవాలి. 2024 నవంబరు నుంచి రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుచుకుంటుంది, పొద్దున 8 గంటలకు. ఒక టికెట్ మీద ఆరుగురికి తీసుకోవచ్చు, మేం సరిగ్గా ఆరుగురమే. అయినా అలా తీసుకోలేదు. సీనియర్ సిటిజన్లకు కింది బెర్తు కోటా ఒకటుంది: మగవాళ్ళకు 60, ఆడవాళ్ళకు 45 ఏళ్ళు నిండితే వర్తిస్తుంది. ఆ వయసు వాళ్ళు ఒక్కరుగానో ఇద్దరుగానో ఉన్న టికెట్‌కే అది పనిచేస్తుంది. పిల్లల్ని, మమ్మల్ని కలిపి ఒకే టికెట్ తీస్తే ఆ కోటా వర్తించదు. అందుకని అత్తమ్మకు, మామయ్యకు విడిగా ఆ కోటాలో తీసి, మా నలుగురికి ఇంకో టికెట్ తీశాం. ఇద్దరికీ కింది బెర్తులు వచ్చాయి. బోగీ మాత్రం మాది వేరు, వాళ్ళది వేరు అయింది. మా ఆయన వాళ్ళ బోగీలోని ఒకాయనతో మాట్లాడి బెర్తు మార్చుకుని రాత్రి అక్కడే పడుకున్నారు. 2020 మార్చిలో ఆగిపోయిన వృద్ధుల రాయితీని మళ్ళీ ఇవ్వలేదు కాబట్టి ఛార్జీ మాత్రం పూర్తిగా కట్టాల్సిందే. పిల్లల సంగతికొస్తే, అయిదేళ్ళు దాటి పన్నెండు నిండని వాళ్ళకు విడిగా బెర్తు కావాలంటే పూర్తి ఛార్జీ, వద్దనుకుంటే సగం. చిన్నోడికి బెర్తు తీసుకున్నాం. రాత్రి ప్రయాణంలో పిల్లాడు హాయిగా పడుకుంటే మర్నాడు అందరికీ సుఖం.

వెళ్ళేటప్పుడు గోదావరి ఎక్స్‌ప్రెస్. వరంగల్‌లో రాత్రి ఎక్కి తెల్లారేసరికి విశాఖలో దిగొచ్చు. సికింద్రాబాదు, విశాఖల మధ్య వందేభారత్ 2023 జనవరిలో మొదలైంది, తొందరగా వెళ్తుంది, కానీ అందులో కూచునే ఉండాలి. మోకాళ్ళ నొప్పులున్న మనిషికి పడుకుని వెళ్ళే రాత్రి బండే మేలు. తిరిగి వచ్చేటప్పుడు లెక్క మారింది. రాత్రి బండిలో వస్తే తెల్లారకముందే వరంగల్‌లో దిగాలి, ఆ చలిలో ఇద్దరు పెద్దలు, నిద్రమత్తులో ఇద్దరు పిల్లలు. అందుకని మధ్యాహ్నం బయల్దేరే వందేభారత్ తీసుకుని రాత్రి పడుకునే వేళకు ఇంటికి చేరాం. ఒకే దారిలో పోయి రావాల్సిన రెండు ప్రయాణాలకు రెండు రకాల బండ్లు సరిపోతాయని అప్పుడే అర్థమైంది.

విశాఖలో దిగిన పొద్దునే అరకు రైలు పట్టుకోవచ్చని చాలామంది చెప్పారు. అరకు మీదుగా వెళ్ళే కిరండూల్ పాసింజరు ఏడు లోపే బయల్దేరుతుంది. గోదావరి కాస్త ఆలస్యమైతే అది తప్పిపోతుంది, సరిగ్గా వచ్చినా అత్తమ్మ టిఫిను వేళ తప్పిపోతుంది. అందుకే ముందు విశాఖలో ఆగాం. హోటలు చెక్ఇన్ మధ్యాహ్నం పన్నెండుకు, మేం దిగేది తెల్లవారి. ఒక్క గదికి ముందు రాత్రి అద్దె కూడా కట్టి, పొద్దున్నే తాళం చేతికొచ్చేలా చేసుకున్నాం. ఆ డబ్బు దండగ కాదు. అత్తమ్మ వేడినీళ్ళతో స్నానం చేసి, వేళకు ఇడ్లీ తిని, మధ్యాహ్నం దాకా పడుకుంది. ఆ సాయంత్రం బీచ్‌లో మా అందరికన్నా హుషారుగా ఉన్నది ఆమే.

గదులు బుక్ చేసేముందు ప్రతి చోటికీ ఫోన్ చేసి ఒకే ప్రశ్నల వరస అడిగాను. కింది అంతస్తులో గది ఉందా, లేకపోతే లిఫ్టు ఉందా. గేటు నుంచి గది దాకా మెట్లెన్ని. వెస్టర్న్ టాయిలెట్టేనా. వేడినీళ్ళు పొద్దంతా వస్తాయా, కొన్ని గంటలేనా. పొద్దున ఎనిమిదింటికి టిఫిను దొరుకుతుందా. కరెంటు పోతే జనరేటరు ఉందా. జవాబులు ఫోన్‌లో విని ఊరుకోకుండా, అవే మాటలు వాట్సాప్‌లో రాసి పంపి "అవును" అనిపించుకున్నాను. అరకులో మాకు అక్కరకొచ్చింది అదే. మేం దిగిన చోట కింది గది ఇస్తామని పై అంతస్తు తాళం చేతిలో పెట్టారు. మెసేజ్ చూపించాను, పది నిమిషాల్లో మార్చారు. నోటిమాట అయితే అరగంట వాదన అయ్యేది. అరకులో ఏపీ టూరిజం హరిత రిసార్టుతో పాటు ప్రైవేటువి చాలా ఉన్నాయి. ఎందులో దిగినా ఈ ప్రశ్నలు వదలొద్దు.

ఇక తిరుగుడు. మా ప్రయాణం నడిచింది ఒక ఒప్పందం మీద: అందరూ అన్ని చోట్లకూ రానక్కర్లేదు, కానీ రోజుకొక పూట అందరం కలిసి ఉండాలి. ఇది చెప్పినప్పుడు అత్తమ్మకు నచ్చలేదు. "కలిసి పోయి యిడివిడిగ తిరుగుడేంది, జనం ఏమనుకుంటరు" అంది. మధ్యాహ్నం భోజనం ఏ రోజైనా ఆరుగురం ఒకే బల్ల దగ్గర చేస్తామని మాటిచ్చాకే సరేనంది. ఆ మాట తప్పలేదు.

ఆదివారం మధ్యాహ్నం తర్వాత మామయ్యా అత్తమ్మా గదిలో పడుకుంటే మేం నలుగురం కురుసుర చూశాం. నేవీలో సేవలందించి 2001లో విశ్రాంతి తీసుకున్న నిజమైన జలాంతర్గామి అది. మరుసటి ఏడాదే మ్యూజియం చేశారు. లోపల దారి సన్నగా, తలుపులు గుండ్రంగా ఉంటాయి, వంగి కాలెత్తి దాటాలి. మోకాళ్ళ నొప్పులున్న వాళ్ళకు ఇది కుదరదని ముందే తెలుసుకోవడం మంచిదైంది. సాయంత్రం అందరం ఆర్కే బీచ్‌కు వెళ్ళాం. అక్కడ నీళ్ళలో లోపలికి దిగొద్దు. లోపలికి లాగే ప్రవాహాల వల్ల ప్రాణాలు పోయిన సంఘటనలు ఏటా వార్తల్లో చూస్తూనే ఉంటాం. చిన్నోడిని అలల అంచులోనే నిలబెట్టాం, చేయి వదల్లేదు.

సోమవారం సింహాచలం. కొండపైదాకా బండి వెళ్తుంది. స్వామి ఏడాదంతా చందనం పూతలోనే ఉంటాడు, నిజరూప దర్శనం వైశాఖంలో అక్షయ తృతీయ నాడు ఒక్కరోజే. కౌగిలించుకుంటే కోరికలు తీరతాయని భక్తులు నమ్మే కప్ప స్తంభం గుడిలో ఉంది. అత్తమ్మ దాన్ని కౌగిలించుకుని చాలాసేపు ఉంది. ఏం కోరుకున్నదో మేం అడగలేదు.

మంగళవారం రైలు గురించి ఎంత రాసినా నాకు తనివి తీరదు. కొత్తవలస నుంచి కిరండూల్ దాకా ఉన్న ఈ లైనును 1960లలో ఛత్తీస్‌గఢ్ వైపున్న బైలదిల్లా గనుల ఇనుప ఖనిజం విశాఖ రేవుకు చేర్చి జపానుకు ఎగుమతి చేయడానికి వేశారు. శృంగవరపుకోట దాటాక బొడ్డవర దగ్గర ఎక్కుడు మొదలవుతుంది. అక్కడి నుంచి ఒకటే సొరంగాలు, లోయల మీద వంతెనలు. ఈ బండికి 2017 ఏప్రిల్‌లో అద్దాల పైకప్పున్న విస్టాడోమ్ బోగీ తగిలించారు, టికెట్లు తెరిచిన రోజునే మేం తీసుకున్నాం. దొరక్కపోయినా దిగులు పడొద్దు, మామూలు బోగీ కిటికీలోంచీ అవే కొండలు కనిపిస్తాయి. చిన్నోడు సొరంగం వచ్చినప్పుడల్లా కేక వేశాడు. రైలు మెల్లగా ఎక్కుతుంది కాబట్టి కడుపులో తిప్పలేదు. పైకి వెళ్ళేటప్పుడు రైలే అని పట్టుబట్టింది వాడి కోసమే.

మామయ్య ఆ దారంతా కిటికీకి అతుక్కుని కూచున్నారు. శిమిలిగుడ స్టేషను 996 మీటర్ల ఎత్తులో ఉంది, ఒకప్పుడు దేశంలో బ్రాడ్‌గేజ్ స్టేషన్లలో అన్నిటికన్నా ఎత్తైనది. అక్కడ బండి ఆగినప్పుడు మనవరాలికి కనుమలంటే ఏంటో, ఇవి పడమటి కనుమల్లా వరసగా కాకుండా తెగిపోయి ఎందుకుంటాయో, గోదావరి, కృష్ణ వీటిని కోసుకుని సముద్రానికి ఎలా పోతాయో చెప్పారు. ఎప్పుడూ చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకునే పిల్ల వాటిని తీసి విన్నది. నాకు ఈ ప్రయాణంలో అన్నిటికన్నా విలువైన గంట అది.

బుధవారం పెద్దదాని రోజు. దానికి పాడేరు దగ్గరి వంజంగి కొండ మీద మబ్బుల మధ్య సూర్యోదయం చూడాలని. అరకు నుంచి నడిరాత్రి దాటాక బయల్దేరాలి, చివర కొంత దూరం చీకట్లో నడిచి ఎక్కాలి. ఆరుగురం వెళ్ళలేం. తండ్రీ కూతురూ ఇద్దరే, స్వెటర్లు, టార్చి, తాగునీళ్ళు తీసుకుని, ఆ దారులు తెలిసిన స్థానిక డ్రైవరుతో వెళ్ళారు. మేం మిగిలినవాళ్ళం నింపాదిగా లేచి, టిఫిను చేసి పద్మాపురం తోటకు వెళ్ళాం. రెండో ప్రపంచయుద్ధం కాలంలో సైనికులకు కూరగాయలు పండించడానికి మొదలైన తోట అది. చిన్నోడు అక్కడి బుల్లి రైలెక్కాడు, అత్తమ్మ నీడలో కూచుంది. గిరిజన మ్యూజియం కూడా దగ్గరే. ఒంటిగంటకు అందరం భోజనానికి కలుసుకున్నాం. తండ్రీ కూతుళ్ళిద్దరికీ కళ్ళు ఎర్రగా ఉన్నాయి, మాటలు మాత్రం ఆగలేదు. ఆ ఇద్దరూ అంతసేపు కలిసి మాట్లాడుకోవడం నేను ఈ మధ్య చూడలేదు. వెదురు బొంగులో కాల్చిన బొంగు చికెన్ ఆ మధ్యాహ్నమే తిన్నాం. నూనె దాదాపు ఉండదు కాబట్టి మామయ్యకూ నచ్చింది.

గురువారం కారులో దిగాం. చిన్నోడికి డాక్టరును అడిగి రాయించుకున్న మందు బయల్దేరే అరగంట ముందు వేశాం, పొద్దున ఇడ్లీ ఒక్కటే పెట్టాం, కిటికీ పక్కన కూచోబెట్టి దూరంగా ఉన్న కొండనే చూడమన్నాం. డ్రైవరుకు ముందే చెప్పాం, వేగం వద్దు, అడిగినప్పుడల్లా ఆపాలని. గాలికొండ దగ్గర ఒకసారి, అనంతగిరి కాఫీ తోటల దగ్గర ఒకసారి ఆగాం. సిల్వర్ ఓక్ చెట్ల నీడలో కాఫీ, ఆ చెట్ల మీదికి పాకిన మిరియాల తీగ. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, ఇంటికి అక్కడే పొడి కొన్నాం. దారి పక్కన వలిసె పూల పసుపు అక్కడక్కడా మిగిలే ఉంది. దాన్ని నిండుగా చూడాలంటే నవంబరులో రావాలట.

బొర్రా గుహల్లో కిందికి మెట్లు చాలా, తేమకు జారుతాయి కూడా. అత్తమ్మా నేనూ పైనే ఉన్నాం. అక్కడ కోతులు ఎక్కువ, చేతిలో తినేది కనిపిస్తే లాక్కుంటాయి, సంచి మూసి పెట్టుకోండి. మామయ్య కొంతదూరం దిగి, సున్నపురాయి మీద నీటిబొట్టు ఎలా పని చేస్తుందో మనవడికి చూపించి, తనకు చాలనుకున్న చోట ఆగిపోయారు. "గీడిదాక సాలు" అన్నారట. అక్కడ ఆగిపోవడం చిన్నతనం కాదని ఇంట్లో అందరికీ ముందే ఒప్పందం ఉంది కాబట్టి ఎవరూ బలవంతపెట్టలేదు.

ఖర్చు సంగతి. కింది అంతస్తు గది, రోజంతా మా దగ్గరే ఉండే కారు, ముందు రాత్రి అద్దె: ఈ మూడింటికి వెనకాడలేదు. చూసే చోట్ల సంఖ్య తగ్గించాం, షాపింగుకు ఎవరి డబ్బు వాళ్ళకు విడిగా ఇచ్చాం. పిల్లలు ఆ డబ్బు ఎంతో ఆలోచించి ఖర్చు పెట్టారు. మందులు రెండు సంచుల్లో సగం సగం సర్దాం, ఒక సంచి ఎక్కడైనా పోయినా ఇంకోటి ఉండాలని. షుగరు చూసే మిషను, గ్లూకోజు, దోమల క్రీము, అత్తమ్మకు సకినాలు, మురుకులు వెంట తీసుకెళ్ళాం. ఏజెన్సీ ప్రాంతంలో దోమల విషయం తేలిగ్గా తీసుకోవద్దు.

ఇప్పుడు పూరీ కాగితం మొదలుపెట్టాం. ఈసారి మొదటి వరస అత్తమ్మది. గుడిలో ఎంతసేపు నిలబడాలి, వీల్‌చెయిర్ ఎక్కడిదాకా వెళ్తుంది, గుడికి దగ్గరగా కింది అంతస్తు గది ఎక్కడ దొరుకుతుంది అని పెద్దది ఫోన్లు చేసి కనుక్కుంటోంది. మామయ్య అట్లాసు తీసి చిలికా సరస్సు చూపిస్తున్నారు. ఈసారి తనకేం కావాలో ఆయనే ముందు చెప్పారు.